రెండోసారి బిగించాలి

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నాకు ప్రసంగాలు రావండి. ఈ.ఎం.ఇ.లో వెహికల్ మెకానిక్‌గా చేరి, 1998లో హవల్దార్‌గా ఇంటికొచ్చిన వాణ్ణి. సికిందరాబాద్‌లో ట్రైనింగు, ఆ తర్వాత ఇరవై నాలుగేళ్ళూ బండి కింద వెల్లకిలా పడుకునే గడిపాను. అలాంటివాణ్ణి తెచ్చి మైకు ముందు నిలబెడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. కార్యదర్శిగారు, "బస్తర్ వెళ్ళి పాత జోంగాకి కమాన్లు మార్చి వచ్చారట కదా, అదే చెప్పండి, కుర్రాళ్ళకి పనికొస్తుంది" అన్నారు. "చెబుతాను గానీ, అందులో నా తప్పు ఒకటుంది, అదీ చెప్పాల్సొస్తుంది" అన్నాను. "మరీ మంచిది" అన్నారు. అదీ సంగతి.

2023 దసరా వెళ్ళిన నెలకి నాకొక ఫోనొచ్చింది. నాతో ఒకే యూనిట్‌లో పనిచేసిన డ్రైవరు. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి తమ్ముడు అనే అంటాను. వాళ్ళది భోపాలపట్నం వైపు. అక్కడ ఇళ్ళల్లో తెలుగు బాగా వినిపిస్తుంది. ఓరుగల్లు పడిపోయాక కాకతీయ వంశీకుడు అన్నమదేవుడు వెళ్ళి బస్తర్‌లో రాజ్యం నిలబెట్టాడని చెబుతారు కదా, అప్పట్నించీ మనకీ ఆ నేలకీ రాకపోకలు ఉన్నాయి. తమ్ముడు ఇప్పుడు జగదల్‌పూర్ దగ్గర ఒక పల్లెలో కాస్త పొలం చేసుకుంటూ ఉన్నాడు.

"అన్నా, నా జోంగా వెనకవైపు కూర్చుండిపోయింది. ఎడమ పక్క మరీనూ. ఇక్కడివాళ్ళు విరిగిన పట్టీకి వెల్డింగ్ పెట్టేస్తామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. నువ్వొస్తావా?" అన్నాడు.

నేను వెంటనే వస్తానన్నాను. ఫోను పెట్టేశాక మాత్రం చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఎందుకో తర్వాత చెబుతాను.

జోంగా అంటే ఇక్కడున్న పెద్దలకి చెప్పనక్కర్లేదు. కుర్రాళ్ళ కోసం చెబుతున్నాను. జబల్‌పూర్ ఆర్డినెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అనే ఇంగ్లీషు మాటల్లోని అక్షరాలు కలిపి పెట్టిన పేరది. జపాన్ నిస్సాన్ కంపెనీ పెట్రోల్ అనే బండి నమూనా మీద మన జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో 1969 నుంచి తయారైంది. ఆరు సిలిండర్లు, సుమారు నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజను. కొండ ఎక్కమంటే ఎక్కేది, వాగు దాటమంటే దాటేది. 1999 నాటికి తయారీ ఆగిపోయింది. ఇప్పుడు పాత బండ్ల మీద ఇష్టమున్నవాళ్ళు వెతికి వెతికి కొంటున్నారు. మన ధోనీ కూడా 2019లో ఒకటి కొన్నాడు.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఆమధ్య 1967 మోడల్ మస్టాంగ్ కొన్నాడు. వాళ్ళు అలాంటి వాటిని మజిల్ కార్లంటారట. "మావయ్యా, దీనికీ వెనక కమాన్లే, ఇదీ కూర్చుంది" అని వీడియోలో చూపించాడు. చూస్తే నిజమే. అంత షోకైన కారుకీ వెనక మన లారీకి ఉన్నలాంటి పట్టీలే. "నాకు నీ మస్టాంగ్ తెలీదురా, జోంగా తెలుసు. కొలతలు నీ బండి పుస్తకం చూసుకో, పద్ధతి మాత్రం నేను చెబుతాను" అన్నాను. ఇప్పుడు మీకు చెప్పబోయే పద్ధతీ అదే.

కమాను అంటే విల్లు. ఒకదాని మీద ఒకటి పట్టీలు పేర్చి, మధ్యలో సెంటర్ బోల్టు వేసి కట్టిన కట్ట. అన్నిటికన్నా పొడుగైనది మెయిన్ పట్టీ. దాని రెండు చివర్లూ చుట్టి కన్నులు చేస్తారు. వంపు బలం మధ్యలో ఎక్కువ పడుతుంది కాబట్టి మధ్యలో పట్టీలు ఎక్కువ, చివరకి పోయేకొద్దీ తక్కువ. గోతిలో పడ్డప్పుడు విల్లు చదునవుతుంది, అంటే రెండు కన్నుల మధ్య దూరం పెరుగుతుంది. అందుకే ఒక చివర ఛాసిస్‌కి బిగించి, రెండో చివర షాకిల్‌కి ఊయలలాగా వేలాడదీస్తారు.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. కాయిల్ స్ప్రింగుకి బరువు మొయ్యడం ఒక్కటే పని. యాక్సిల్‌ని పట్టుకోడానికి వేరే కడ్డీలుంటాయి. కమాను కట్టకి రెండు పనులు. బరువు మొయ్యాలి, యాక్సిల్‌ని దాని చోట నిలబెట్టాలి. అందుకే కమాను చెడితే కుదుపు ఎక్కువైందని మాత్రమే అనుకోకూడదు. వెనక చక్రాలు ఏ దిక్కుకి తిరుగుతాయో కూడా దాని చేతిలోనే ఉంది.

సరే, కొత్తవలసలో కిరండూల్ పాసింజరు ఎక్కాను. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి దించడానికి 1960లలో వేసిన లైను అది. అరకు, కోరాపుట్ దాటి సొరంగాలన్నీ లెక్కపెట్టుకుంటూ జగదల్‌పూర్‌లో దిగాను. తమ్ముడు స్టేషనుకొచ్చాడు. కుడికాలు కొంచెం ఈడుస్తూ నడిచాడు. నా చేతిలో సంచీ లాక్కున్నాడు. ఇస్తే మోస్తాడు, ఇవ్వకపోతే కోపం. నేనే వెనక నడిచాను.

మర్నాడు పొద్దున్న బండి చూశాను. ముందు చెయ్యాల్సింది కొలవడం. చదును నేల మీద బండి నిలబెట్టి, లోపల బరువంతా దించేసి, టైర్లలో గాలి సరిచూసి, చక్రం మధ్య నుంచి పైన బాడీ అంచు దాకా రెండు పక్కలా టేపు పెట్టాలి. ఎడమ పక్క అయిదు సెంటీమీటర్లు తక్కువొచ్చింది. అలా అని కుడి పక్క బాగున్నట్టు కాదు. అదీ దాదాపు చదునైపోయింది. కింద దూరి చూస్తే ఎడమ కట్టలో రెండో పట్టీ సెంటర్ బోల్టు దగ్గర విరిగింది. పట్టీల మధ్య ఎర్రటి తుప్పు. కన్నుల్లో బుష్‌లు అరిగి బోల్టు లోపల ఆడుతోంది.

ఇలా ఎందుకవుతుందంటే, పట్టీ ప్రతి గోతికీ ఒకసారి వంగి లేస్తుంది. లక్షలసార్లు వంగాక లోహం అలసిపోతుంది. పైకి కనపడని చిన్న పగులు ఒకటి మొదలై, తుప్పు తోడై, ఒకరోజు టప్‌మంటుంది. దానికి తోడు బరువు. మా తమ్ముడు ధాన్యం బస్తాలూ ఆ బండిలోనే, ఇటుకలూ ఆ బండిలోనే, సంత రోజున ఊళ్ళో సగంమందీ ఆ బండిలోనే. ఇక వానాకాలం బస్తర్ మట్టిరోడ్లు మీకు తెలిసినవే. అక్కడ డ్యూటీ చేసినవాళ్ళు ఈ సభలో కనీసం పదిమంది కనిపిస్తున్నారు నాకు.

వెల్డింగ్ సంగతి. కమాను పట్టీకి వెల్డింగ్ పెట్టకూడదు. అది మామూలు ఇనుము కాదు, కాల్చి, ముంచి, పదును పెట్టిన స్ప్రింగు ఉక్కు. వెల్డింగ్ వేడికి ఆ చోట పదును పోతుంది, అతుకు పక్కనే పెళుసెక్కుతుంది. మళ్ళీ అక్కడే విరుగుతుంది, అదీ బరువు మీదున్నప్పుడు. కొందరు పాత పట్టీలనే సుత్తితో కొట్టించి వంపు తెప్పిస్తారు. కొన్నాళ్ళు నిలుస్తుంది, అలసిపోయిన లోహం గనక మళ్ళీ కూర్చుంటుంది. ఇంకొందరు అదనంగా ఒక పట్టీ దోపుతారు. బండి లేస్తుంది గానీ బిర్రబిగుసుకుపోతుంది, ఆ దెబ్బ ఛాసిస్ మీదికి పోతుంది. కాబట్టి కొత్త కట్టలే వెయ్యాలి. రెండు పక్కలా వెయ్యాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది అయితే బండి ఒక వైపు ఒరుగుతుంది, బ్రేకు కొట్టినప్పుడు ఒక వైపు లాగుతుంది.

పాత కట్ట కొలతలు తీసి విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన కమాన్ల షాపుకి చెప్పాను. పొడుగు, వెడల్పు, మందం, పట్టీల లెక్క, వంపు ఎత్తు, కన్ను లోపలి కొలత, సెంటర్ బోల్టు ముందు కన్నుకి ఎంత దూరం, ఇవన్నీ రాసి పంపాలి. మధ్య బోల్టు సరిగ్గా మధ్యలోనే ఉంటుందనుకోకండి, కొన్ని బండ్లకి ముందుకి జరిగి ఉంటుంది. ఎనిమిది రోజులకి భద్రాచలం, కుంట మీదుగా లారీలో వచ్చాయి. కట్టలతో పాటు కొత్త యు-బోల్టులు, నట్లు, బుష్‌లు తెప్పించాను. యు-బోల్టు ఒకసారి బిగిస్తే సాగుతుంది. సాగినదాన్ని మళ్ళీ వాడకూడదు. ఈ మాట నేను ఎంత గట్టిగా చెబుతున్నానో గమనించండి.

ఇక పని. ముందు చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టాలి. వెనక చక్రాల నట్లు నేల మీదుండగానే కాస్త వదులు చెయ్యాలి. బండిని ఛాసిస్ దగ్గర లేపి, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కింద దూరకూడదు. యాక్సిల్ కింద వేరే జాకీ పెట్టి, కట్టలో బిగువు లేకుండా చూసుకోవాలి. బిగువున్న కమాను విడిపిస్తే అది ఎగిరి తంతుంది. షాక్ అబ్జార్బరు కింది చివర విప్పాలి. బ్రేకు గొట్టం సాగకుండా కనిపెట్టుకోవాలి. తుప్పు పట్టిన నట్లకి ముందు రోజు రాత్రే డీజిల్ పోసి నానబెడితే పని సగం తగ్గుతుంది. యు-బోల్టులు విప్పి, వెనక షాకిల్, ముందు కన్ను బోల్టు తీస్తే కట్ట చేతికొస్తుంది. చేతికొస్తుందన్నాను గానీ మోయడానికి ఇద్దరు కావాలి.

కొత్తది ఎక్కించేటప్పుడు సెంటర్ బోల్టు తల యాక్సిల్ సీటులో ఉన్న గుంటలో కచ్చితంగా కూర్చోవాలి. యు-బోల్టు నట్లు నాలుగూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, సమంగా బిగించాలి. రబ్బరు బుష్‌లున్న కన్నుల బోల్టులు మాత్రం బండి నేల మీదికి దిగి బరువు పడ్డాకే పూర్తిగా బిగించాలి. గాలిలో ఉండగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలి తిరిగి త్వరగా చిరిగిపోతుంది. చివరగా రెండు పక్కలా కొలిచి, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం కుడి ఎడమల సమంగా ఉందో లేదో చూడాలి.

ఇంతటితో అయిపోయిందా? కాలేదు. కొత్త పట్టీలు బరువు మీద ఒకదానిలో ఒకటి సర్దుకుంటాయి, రంగు పొరలు నలుగుతాయి, యు-బోల్టులు ఒకింత వదులవుతాయి. బండి కొంత దూరం నడిచాక మళ్ళీ కింద దూరి రెండోసారి బిగించాలి. నా లెక్క వంద కిలోమీటర్లలోపు ఒకసారి, అయిదొందలకి ఇంకోసారి.

ఈ రెండోసారి బిగింపు దగ్గరే నా తప్పుంది.

1991. ఒక కొండ ప్రాంతం. యూనిట్ పేరు, ఊరు పేరు ఇక్కడ అనవసరం. రాత్రి తొమ్మిదింటికి ఒక జోంగా వచ్చింది, వెనక ఎడమ కమాను మెయిన్ పట్టీ విరిగి. పొద్దున్న అయిదింటికి కాన్వాయ్. స్టోర్సులో ఒకటే కట్ట ఉంది. ఒక పక్కే వేశాను. కొత్త యు-బోల్టులు లేవు, పాతవే బిగించాను. చలి, నిద్ర, చేతిలో టార్చి. అంతదాకా సర్దుకోవచ్చు. సర్వీసులో అన్ని వసతులూ ఉండవని మీకు తెలుసు. కానీ జాబ్ కార్డులో రోడ్ టెస్ట్ అనే గడి ఉంటుంది. బండి గేటు దాటి బయటికి వెళ్ళలేదు. నేను చేశానని సంతకం పెట్టాను. దారిలో ఆగి మళ్ళీ బిగించుకోమని డ్రైవరుకి చెప్పాల్సింది. చెప్పలేదు. మర్చిపోయానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే, చెబితే పని అరకొరగా చేశానని తెలిసిపోతుందని చెప్పలేదు.

ఆ డ్రైవరు ఈ తమ్ముడే.

దిగుడు రోడ్డులో యు-బోల్టులు వదులయ్యాయి. అవి వదులైతే యాక్సిల్‌ని పట్టేది సెంటర్ బోల్టు ఒక్కటే. ఆ సన్నటి బోల్టు ఎంతసేపు ఆగుతుంది? తెగింది. ఎడమ పక్క యాక్సిల్ వెనక్కి జరిగింది. స్టీరింగ్ తిప్పకుండానే బండి తిరిగి కొండకి కొట్టుకుంది. లోయ వైపు కాకపోవడం దేవుడి దయ. తమ్ముడి కుడికాలు రెండు చోట్ల విరిగింది.

ఎంక్వయిరీ అయింది. "కమాను బిగించావా?" అని నన్నడిగారు. "బిగించాను సార్" అన్నాను. అబద్ధం కాదు. "రోడ్ టెస్ట్?" అన్నారు. కార్డు మీద సంతకం చూపించాను. నోటితో అబద్ధం ఆడలేదు, సంతకంతో ఆడించాను. మలుపులో వేగంగా తోలాడని తేల్చి తమ్ముడికి సివియర్ రిప్రిమాండ్ ఇచ్చారు. రెడ్ ఇంక్ ఎంట్రీ. దాని విలువ ఈ సభలో ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. వాడు హవల్దార్ కాలేదు. నాయక్‌గానే ఇంటికొచ్చాడు, నాయక్ పెన్షనే తీసుకుంటున్నాడు. నేను హవల్దార్‌నయ్యాను.

ముప్ఫై రెండేళ్ళ తర్వాత అదే మనిషి, తన జోంగాకి కమాన్లు మార్చమని, ప్రపంచంలో ఇంకెవరినీ నమ్మనట్టు నన్ను పిలిచాడు. అందుకే ఆ రోజు ఫోను పెట్టేసి కూర్చుండిపోయాను.

రెండో కట్ట ఎక్కించాక, ఇద్దరం బండి కిందే ఉన్నప్పుడు చెప్పేశాను. మొహాలు చూసుకోనక్కర్లేని చోటు గనక చెప్పగలిగాను. వాడేమీ అనలేదు. చేతిలో పానా కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. చాలాసేపటికి వాళ్ళావిడ టీ తెచ్చి ఇచ్చింది, ఆయన చెరువు వైపు వెళ్ళాడంది. రాత్రి భోజనంలో కూడా మాట లేదు. నేను పొద్దున్న రైలుకి వెళ్ళిపోదామని సంచీ సర్దుకున్నాను.

పొద్దున్నే వచ్చి సంచీ చూశాడు. "నడిపి చూడకుండానే పోతావా ఈసారి కూడా?" అన్నాడు.

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. సంచీ పక్కన పెట్టాను. విరిగిన పాత పట్టీలన్నీ జోంగా వెనక వేసుకుని కొండగావ్ బయల్దేరాం. జగదల్‌పూర్ నుంచి రాయపూర్ రోడ్డు మీద డెబ్భై అయిదు కిలోమీటర్లుంటుంది. ఇనుముతో బొమ్మలు చేసే లోహారుల పనితనానికి పేరుపడ్డ ఊరు. పాత కమాను పట్టీ అంటే కమ్మరికి బంగారం. కొడవలి, గొడ్డలి, కత్తి ఏది చేసినా పదును నిలుస్తుంది. తమ్ముడికి తెలిసిన కొలిమి ఒకటుంది. పట్టీలు అక్కడ దించాం.

కొలిమి ముందే బండి ఆపి, తమ్ముడు తనే గోనెసంచీ పరుచుకుని కింద దూరాడు. ఆ కాలుతో దూరడం కష్టం. నేను దూరతానంటే వద్దన్నాడు. పానా అందుకున్నాడు. మొదటి నట్టు పావు చుట్టు తిరిగింది. రెండోదీ అంతే. "తిరిగిందన్నా" అన్నాడు. ఎనిమిది నట్లూ పూర్తయ్యేదాకా ఇంకేమీ అనలేదు. నేను బయట కూర్చుని లెక్కపెట్టాను.

క్షమించానని వాడనలేదు. నేనూ అడగలేదు. అడిగే హక్కు లేదనిపించింది. ఆ రోజు సాయంత్రం జరిగింది జరిగినట్టు మూడు పేజీలు రాసి, నా సర్వీసు నంబరు వేసి, సంతకం పెట్టి వాడి చేతికిచ్చాను. ఒక నకలు రికార్డ్స్ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. వాడికి హక్కుగా రావాల్సినది దానివల్ల వచ్చినా రాకపోయినా, నిజం కాగితం మీదైనా ఉండాలి. ఈ సభలో చెప్పనా అని అడిగితే, "చెప్పు. నా పేరు మాత్రం వద్దు. కుర్రాళ్ళకి సంతకం సంగతి బాగా చెప్పు" అన్నాడు.

అందుకే సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి చెబుతున్నాను. స్టోర్సులో సామాను లేకపోతే లేదని రాయండి. రోడ్ టెస్ట్ చెయ్యకపోతే చెయ్యలేదని రాయండి. బండి తీసుకెళ్ళేవాడికి, "ఇది రాత్రి హడావిడిలో చేసిన పని, దారిలో ఆగి ఒకసారి బిగించుకో" అని ఒక్క మాట చెప్పండి. ఆ ఒక్క మాటకి మీకు అయిదు నిమిషాల చీవాట్లు పడొచ్చు. నేను ఆ అయిదు నిమిషాలు తప్పించుకున్నాను. తమ్ముడు ఇప్పటికీ కాలీడుస్తున్నాడు.

రిటైరైన అన్నలకి ఇంకో మాట. మనలో ఎవరికైనా ఇలాంటి నట్టు ఒకటి ఎక్కడో వదులుగా ఉండిపోయి ఉంటే, అవతలి మనిషి బతికుండగానే వెళ్ళి బిగించి రండి.

మొన్న సంక్రాంతికి తమ్ముడు ఫోను చేశాడు. అయిదొందల కిలోమీటర్లు దాటాయట. మళ్ళీ చూశాడట. ఈసారి నట్లు ఒక్కటీ కదల్లేదన్నాడు.